పండుగ పూట పాత కారు షికారు

పాత కారును కడిగి, తుడిచి, సెలవురోజున తీరిగ్గా రోడ్డు మీదికి తీసుకెళ్లడం చాలా దేశాల్లో ఒక వేడుక. చేరాల్సిన చోటు కంటే ప్రయాణానికే ఇందులో విలువ ఎక్కువ. తెలంగాణలో ఈ వేడుకకు రెండు పాయలున్నాయి. ఒకటి హైదరాబాద్ సంస్థానం నాటి దర్పంలో పుట్టి, ఇప్పుడు నగరంలో జరిగే వింటేజ్ కార్ల ప్రదర్శనల దాకా వచ్చింది. రెండోది దసరా వాహన పూజలో, అంబాసిడర్ మాట్లాడుకుని యాదగిరిగుట్టకో నాగార్జునసాగర్‌కో వెళ్లొచ్చిన కుటుంబాల అలవాటులో పుట్టింది. పేరు మొదటిదానికి వచ్చింది. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పాత కారు ఇంకా కదులుతోందంటే ఆ పుణ్యం రెండోదానిదే.

బయటి దేశాల్లో ఈ సంప్రదాయంలో అన్నిటికంటే పాతది ఇంగ్లండ్‌లోని లండన్–బ్రైటన్ యాత్ర. మోటారు బండ్ల వేగానికి ఉన్న గంటకు 4 మైళ్ల పరిమితిని చట్టం 14 మైళ్లకు పెంచినప్పుడు, ఆ సంతోషంలో 1896 నవంబరు 14న కొందరు కార్లు వేసుకుని లండన్ నుంచి సముద్రతీరంలోని బ్రైటన్‌కు బయలుదేరారు. దాని జ్ఞాపకార్థం 1927లో మళ్లీ మొదలైన యాత్ర ఇప్పుడు ఏటా నవంబరు మొదటి ఆదివారం సాగుతుంది. 1905కు ముందు తయారైన బండ్లకే అందులో చోటు. అమెరికాలో సంగతి వేరు. అక్కడ 1950లు, 60లలో కుర్రకారు సాయంత్రాలు కార్లలో ఒకే వీధి వెంట అటూ ఇటూ తిరిగేవారు. 1973లో వచ్చిన ‘అమెరికన్ గ్రఫీటీ’ సినిమా ఆ కాలాన్నే చూపించింది. కార్ల రాజధాని డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి ఏటా ఆగస్టు మూడో శనివారం పాత కార్ల ఊరేగింపు జరుగుతోంది. మోటారు పరిశ్రమలో ఉద్యోగాలకు వెళ్లి ఆ చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అది ఇంటి ముందటి జాతరే. భారతదేశంలో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన వింటేజ్ కార్ల ర్యాలీ ఈ కోవలో పాతది.

హైదరాబాద్‌కు కార్లు రాజప్రాసాదం గుమ్మం నుంచే వచ్చాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఇంగ్లండ్‌లో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరు పెట్టాడు. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా కట్టించుకున్నాడు. ఆ కారు చేతికి రాకముందే, అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. అసఫ్ జాహీల పసుపు రంగు పూసుకున్న ఆ బండి వారసుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో రాజలాంఛనాలకే పరిమితమైంది. నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో దాన్ని చూడవచ్చు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 1930 నాటి మరో రోల్స్ రాయిస్, ఒక ప్యాకర్డ్, ఒక జాగ్వార్ ఉన్నాయి. సెలవురోజున పిల్లలను తీసుకెళ్లి చూపించదగిన చోట్లు ఇవి. అయితే ఇవి ఊరి జనం ఎక్కిన కార్లు కావు. సంస్థానంలో సామాన్యుడికి మోటారు ప్రయాణం రుచి చూపించింది బస్సు. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. నేటి ఆర్టీసీకి అదే మూలం.

జిల్లాల్లోకి కారు నిజంగా ప్రవేశించింది స్వాతంత్ర్యం తర్వాతే. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందూస్థాన్ మోటార్స్ 1957లో కోల్‌కతా దగ్గరి ఉత్తరపరాలో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. ముంబైలో ప్రీమియర్ కంపెనీ ఫియట్ కార్లు చేసేది. 1970లలో వాటికే పద్మిని అని పేరు మారింది. మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చేది. దేశం మొత్తానికి దాదాపు ఇవే కార్లు. లైసెన్సుల కాలం కనుక డబ్బు కట్టినా బండి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. అంబాసిడర్ పుట్టిన 1957లోనే విడుదలైన ‘తోడికోడళ్ళు’ చిత్రంలో ఆత్రేయ రాసిన పాట ఒకటుంది. కారులో షికారు వెళ్లే అమ్మాయికి ఆ సుఖం వెనక ఉన్న కూలీల చెమటను గుర్తుచేస్తుంది అది. కారంటే అప్పటి తెలుగు సమాజానికి ఎంత దూరపు వస్తువో చెప్పడానికి ఆ పాటను మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అప్పటి నల్లగొండ జిల్లాలోని రామన్నపేట లాంటి తాలూకా కేంద్రాల్లో కారున్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలిగేవారు. డాక్టరు, రైసుమిల్లు యజమాని, కాంట్రాక్టరు, పటేళ్ల కుటుంబాల్లో ఒకరిద్దరు. మిగిలిన ఊరికి కారంటే కిరాయి బండే. పెళ్లికూతురిని తేవాలన్నా, పురుటికి పట్నం దవాఖానకు తీసుకెళ్లాలన్నా, మొక్కు తీర్చుకోవాలన్నా ఆ తెల్ల అంబాసిడరే దిక్కు. ముందు సీటు కూడా బల్లలా పొడుగ్గా ఉండేది కాబట్టి డ్రైవరుతో కలిపి ముగ్గురు, వెనక నలుగురు, అందరి ఒళ్లలో పిల్లలు, డిక్కీలో సద్ది మూటలు, స్టవ్వు, వంటగిన్నెలు. సెలవుకు అలా కిక్కిరిసి వెళ్లిన తరమే ఇవాళ అదే మోడల్ కారును వెతికి కొని, ఇంట్లో పెట్టుకుంటోంది. ఈ ప్రాంతంలో పాత కారు మీద మమకారం ఖరీదైన విదేశీ బండ్ల మీద కాకుండా అంబాసిడర్, పద్మిని, జీపుల మీదే నిలవడానికి కారణం ఇదే. తాము ఎక్కిన బండిని మళ్లీ ఎక్కాలన్నదే ఆ కోరిక.

సంవత్సరంలో ఆ బండికి అసలైన రోజు దసరా. అజ్ఞాతవాసానికి వెళ్లేముందు పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచారన్న కథ మీద ఆయుధపూజ నిలిచింది. ఎవరి పనిముట్టు వారికి ఆయుధం కాబట్టి రైతు నాగలికి, దర్జీ మిషనుకు, డ్రైవరు బండికి పూజ చేస్తారు. ఆర్టీసీ డిపోల్లో బస్సులకూ చేస్తారు. పొద్దున్నే బావి దగ్గరో బోరు దగ్గరో కారును కడుగుతారు. బానెట్ మీద పసుపుతో, కుంకుమతో బొట్లు పెడతారు. బంతిపూల దండలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయతో దిష్టి తీస్తారు. చివరికి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు నడిపిస్తారు. సాయంత్రం జమ్మి దగ్గరికి వెళ్లి, బంగారమంటూ ఆకు పంచుకుని, పాలపిట్టను చూసి వస్తారు.

ఈ తంతులో యంత్రానికి జరిగే మేలు మీద ఎవరూ పెద్దగా దృష్టి పెట్టరు. నిమ్మకాయలను తొక్కించాలంటే కారు తనంతట తాను స్టార్టు కావాలి, గేరు పడాలి, బ్రేకు వేస్తే ఆగాలి. పాత కారుకు పరుగు కంటే నిలకడే ఎక్కువ చేటు చేస్తుంది. నెలల తరబడి షెడ్డులో ఉంటే కార్బురేటర్‌లోని పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. చక్రాల దగ్గరి బ్రేకు సిలిండర్లలో రబ్బరు కప్పులు పట్టేస్తాయి. బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకచోటే నొక్కుకుపోయి చదునవుతాయి, తేమకు అడుగు రేకు తుప్పు పడుతుంది. దసరా సరిగ్గా వానలు వెనకపట్టిన తర్వాత వస్తుంది. పండుగ ఉందంటే నాలుగు రోజుల ముందే మెకానిక్‌ను పిలవాలి, ఆయిలు మార్చాలి, ముందు చక్రాల కీళ్లకు గ్రీజు కొట్టించాలి, ఇగ్నిషన్ పాయింట్లు శుభ్రం చేయించాలి. నాలుగైదు దశాబ్దాలుగా ఏటా పూజ అందుకున్న కారు, గౌరవంగా గుడ్డ కప్పి దాచిన కారు కంటే గట్టిగా ఉండటంలో వింత లేదు.

పూజ అయ్యాక బండి ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి. ఈ ప్రాంతంలో మొదటి పేరు గుట్టదే. యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో వాహన పూజ చేయించడం కొత్త బండి కొన్నవారికి ఆనవాయితీ. పాత బండి ఇంజను విప్పించి బాగుచేయించినప్పుడు కూడా మొదటి ప్రయాణం అక్కడికే పెట్టుకునేవారు ఎందరో. రామన్నపేట నుంచి వలిగొండ మీదుగా మూసీ దాటి, భువనగిరి కోట గుండును పక్కనే చూస్తూ, రాయగిరి మీదుగా వెళ్లే దారి అది. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో రామన్నపేట నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది కనుక ఇప్పుడు గుట్ట సొంత జిల్లా దైవం. గుడిని పూర్తిగా పునర్నిర్మించి 2022 మార్చి 28న తిరిగి తెరిచాక రద్దీ బాగా పెరిగింది. పాత కారుతో వెళ్లేవారు శని, ఆదివారాలు వదిలి మామూలు రోజున వెళ్లడం మేలు. ఎక్కువ బరువుతో ఆగుతూ కదులుతూ ఎక్కడం పాత ఇంజనుకు, క్లచ్చు ప్లేట్లకు పెద్ద శిక్ష.

రెండో దారి దక్షిణానికి. చిట్యాల దగ్గర విజయవాడ రహదారిని అందుకుని, నార్కట్‌పల్లి, నల్లగొండ, హాలియా మీదుగా నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట, కాలువలకు నీళ్లు వదిలిన 1967 నుంచి నల్లగొండ కుటుంబాలకు సెలవుల విడిది. కృష్ణకు వరద వచ్చి 26 గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆదివారాలు బండ్లు బారులు తీరతాయి. దారిలో నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వర ఆలయాలున్నాయి. పాత కారుకు చల్లారేందుకు వ్యవధి కావాలి, మనుషులకు చూసేందుకు ఏదైనా ఉండాలి. అందుకే ఇలాంటి ఆగే చోట్లను ముందే అనుకుని బయలుదేరడం అనుభవజ్ఞుల పద్ధతి. మరీ దగ్గరలో కావాలంటే భూదాన్ పోచంపల్లి ఉంది, ఆలేరు దగ్గర కొలనుపాక జైన మందిరం ఉంది. ఉదయం వెళ్లి మధ్యాహ్నం భోజనాల వేళకు ఇల్లు చేరవచ్చు.

పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు వారికి దగ్గరి షికారు పిల్లలమర్రి, దూరపు షికారు శ్రీశైలం. శ్రీశైలం వెళ్లే నల్లమల అడవి దారి పాత కారును పరీక్షించినట్టు మరే దారీ పరీక్షించదు. మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. అందులో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలకు అనుమతి లేదు. నెమ్మదిగా నడిచే బండి ఈ సమయాన్ని లెక్కలో పెట్టుకోకపోతే గేటు దగ్గరే తెల్లవారుతుంది. దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగే ఘాట్‌లో అసలు జాగ్రత్త కావాలి. పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. దిగువకు బ్రేకు తొక్కి పట్టుకునే పోతే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఏ గేరులో ఎక్కగలమో అదే గేరులో దిగాలని పాత డ్రైవర్లు కుర్రవాళ్లకు చెప్పేది ఇందుకే. ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకుకు పని తగ్గుతుంది.

దక్షిణ తెలంగాణ వాతావరణంలో పాత కారుకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచికాలం. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో బండి తీయకపోవడమే ఉత్తమం. రేడియేటర్ మరగడం ఒక్కటే సమస్య కాదు. అంబాసిడర్‌లో పెట్రోలును లాగే పంపు ఇంజనును ఆనుకునే ఉంటుంది. వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరి బుడగలైతే పంపు లాగలేదు, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగితే ఆవిరి మళ్లీ ద్రవమై బండి కదులుతుంది. బానెట్ ఎత్తి తడిగుడ్డ వేసి చెట్టు నీడన కూర్చున్న డ్రైవరు ఒకప్పుడు జాతీయ రహదారి మీద మామూలు దృశ్యం. సంక్రాంతికి రెండు రోజుల ముందు మాత్రం పాత కారు విజయవాడ రహదారి ఎక్కకూడదు. హైదరాబాద్ నుంచి ఊళ్లకు మళ్లే జనంతో చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజా వద్ద బండ్లు నిలిచిపోతాయి. ఫ్యాన్ గాలి చాలక, నిలబడినచోటే పాత ఇంజను ఉడుకుతుంది.

పెట్రోలు సంగతి కూడా మారింది. సీసం కలిపిన పెట్రోలుకు అలవాటుపడిన ఇంజన్లు ఇవి. దేశంలో ఆ పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరుస్తుంది. గొట్టం చిట్లి వేడి ఇంజను మీద పెట్రోలు చుక్కలు పడితే మంటలే. కాబట్టి ఏ పండుగ ప్రయాణానికైనా ముందు పెట్రోలు గొట్టాలను కొత్త రకానివి వేయించుకోవాలి. చిన్న ఖర్చుతో అయ్యే ఈ పని మీద పెద్ద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. ట్యాంకు నింపి నెలల తరబడి వదిలేయడం కూడా మంచిది కాదు.

విడిభాగాలకు ఈ ప్రాంతం వారు సికింద్రాబాద్ రాణిగంజ్ దారి పడతారు. అంబాసిడర్ లక్షల సంఖ్యలో తయారైంది, టాక్సీగా, సర్కారు బండిగా దేశమంతా తిరిగింది. అందుకని ఇంజను భాగాలకు ఇంకా పెద్ద కరువు లేదు. కరువు చేతులకే వచ్చింది. కార్బురేటర్ చప్పుడు విని స్క్రూ ఎంత తిప్పాలో చెప్పగలిగిన మేస్త్రీలు, రేకును సుత్తితో మళ్లీ పాత వంపుకు తెచ్చే టింకరింగ్ పనివారు తగ్గిపోతున్నారు. కంప్యూటరు తగిలించి లోపం చదివే కుర్ర మెకానిక్‌కు పాయింట్ల మధ్య సందు సరిచేసే అవకాశమే రావడం లేదు. కార్లను కాపాడాలన్న ఉత్సాహం ఉన్నవారు ఈ పనివారి దగ్గర ఇద్దరు కుర్రాళ్లను చేర్పిస్తే, కొత్త రంగు వేయించడం కన్నా ఎక్కువ ఉపకారం చేసినట్టు.

బండి వయసు చెప్పడానికి నంబరు ప్లేటు చాలు. 1989కి ముందు ఉమ్మడి రాష్ట్రంలో ‘ఎ’తో మొదలయ్యే మూడక్షరాల నంబర్లు ఉండేవి. కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చాక నల్లగొండకు ఏపీ 24, మహబూబ్‌నగర్‌కు ఏపీ 22 వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక అవి టీఎస్ 05, టీఎస్ 06 అయ్యాయి. కొత్త యాదాద్రి జిల్లాకు టీఎస్ 30 దక్కింది. 2024 మార్చి నుంచి టీఎస్ స్థానంలో టీజీ వాడుతున్నారు. పాత కార్లు పాత నంబర్లనే మోస్తున్నాయి. మూడక్షరాల ప్లేటున్న కారు ఎదురైతే తెలిసినవారు ఆగి చూస్తారు.

చట్టం మాత్రం అభిమానాన్ని లెక్కచేయదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండిని రవాణా కార్యాలయానికి తీసుకెళ్లి, తనిఖీ చేయించి, హరిత పన్ను కట్టి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఈ పునరుద్ధరణ రుసుమును 5,000 రూపాయలు చేశారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో దాన్ని 10,000కు పెంచారు. బీమా, కాలుష్య ధ్రువపత్రం, టోల్ కట్టడానికి ఫాస్టాగ్ పాత బండికీ తప్పవు. చాలామంది యజమానులు కారును బాగుచేయించడానికి లక్షలు పెట్టి, కాగితాలను గాలికి వదిలేస్తారు. రోడ్డు మీద ప్రమాదం జరిగిన రోజున బీమా లేని బండి కుటుంబాన్ని ముంచుతుంది.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు కేంద్రం 2021 జులైలో వేరే దారి చూపింది. అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ నమోదుకు 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని వస్తుంది. ఈ గౌరవానికి ఒక షరతు ఉంది. ఇలా నమోదైన కారును రోజువారీ పనులకు, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు, వీటికి వెళ్లి రావడానికే అనుమతి. హైదరాబాద్‌లో కార్లను ప్రదర్శనకు పెట్టేవారికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. కుటుంబంతో గుట్టకు వెళ్లాలనుకునే రామన్నపేట యజమానికి సరిపోదు, ఎందుకంటే గుడి ప్రయాణం ఆ జాబితాలో లేదు. అతనికి మామూలు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవడమే దారి. పండుగకు బండి కట్టుకుని వెళ్లడమే ఈ దేశంలో పాత కారు అసలు బతుకు. నిబంధనలు రాసినవారు దానికి చోటివ్వకపోవడం లోటే.

ఈ నియమాల ప్రకారం వయసు కుదిరే బండ్ల సంఖ్య ఏటా పెరుగుతుంది. 1970ల నాటి మార్క్ 3 అంబాసిడర్లు, తొలి పద్మినులు ఇప్పుడిప్పుడే యాభై దాటుతున్నాయి. మధ్యతరగతిని మొదటిసారి సొంత కారులో కూర్చోబెట్టిన మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరు 14న యజమాని చేతికి వచ్చింది. ఆ తొలి బండ్లకు 2033లో వింటేజ్ అర్హత వస్తుంది. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆఖరి అంబాసిడర్లకు యాభై నిండేది 2064లో.